వేడిలో గెలిచి చలిలో తడబడ్డ కారు: బ్రాన్ బీజీపీ 001 కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌కి ఇంజిన్ మార్చిన బండిని తెచ్చి వణుకుతోందని చెబితే, పని తెలిసిన మేస్త్రి ముందు ఇంజిన్ మీద చెయ్యి వేయడు. బండి కిందకి దూరి క్రాంకు సెంటరూ గేర్‌బాక్సూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఎలా కూర్చున్నాయో చూస్తాడు. పాత ఇంజిన్ కన్నా కొత్తది ఒక్క అంగుళం ఎత్తులో కూర్చున్నా షాఫ్టు కోణం మారుతుంది, క్రాస్ జాయింట్లు అరుగుతాయి, వణుకు పట్టుకుంటుంది. ప్యాకింగ్ ముక్కలు పెట్టి లాక్కురావచ్చు. కానీ సర్దుబాటు సర్దుబాటే.

2009లో ఫార్ములా వన్ (ఎఫ్1) డ్రైవర్ టైటిలూ టీము టైటిలూ రెండూ కొట్టిన బ్రాన్ బీజీపీ 001 సరిగ్గా ఇలాంటి బండే. హోండా ఇంజిన్‌కని గీసిన కారు. అందులో మెర్సిడెస్ ఇంజిన్ ఎక్కించారు, అదీ సీజన్ నెత్తిమీదకి వచ్చాక. 17 రేసుల్లో 8 గెలిచింది. అందులో 6 మొదటి 7 రేసుల్లోనే వచ్చాయి, మిగిలిన 10 రేసుల్లో రెండే.

ఈ కారు గురించి ఎవరిని అడిగినా డబుల్ డిఫ్యూజర్ (కారు అడుగున వెనక వైపు గాలి విచ్చుకునే భాగాన్ని రెండు అరలుగా కట్టడం) అంటారు, అక్కడితో ఆపేస్తారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో స్టూడెంట్ ఫార్ములా కార్లు కట్టే టీములకు మాత్రం ఆ ఆరు గెలుపుల కన్నా మధ్యలో జారిపోయిన నెలన్నరే ఎక్కువ నేర్పుతుంది. మొదట్లో ఈ కారుకి కలిసొచ్చిన గుణాల్లో ఒకటి, అంటే టైర్లను నలపకుండా పోనిచ్చే మెత్తదనం, జూన్ వచ్చేసరికి దానికే అడ్డం తిరిగింది. ఈ రాతలో ప్రధానంగా చూసేది అదే.

2009లో ఏం మారింది

ఆ ఏడాది రూల్స్ దాదాపు కొత్తగా రాశారు. వెనక వచ్చే కారు ముందు కారుని దాటగలగాలన్నది ఉద్దేశం. ముందు వింగ్ (గాలితో కారుని నేలకి నొక్కే రెక్క) వెడల్పు 1400 నుంచి 1800 మిల్లీమీటర్లకు పెరిగింది. దాని మధ్యలో 500 మిల్లీమీటర్ల ముక్క అందరికీ ఒకే ఆకారం. వెనక వింగ్ 1000 నుంచి 750 మిల్లీమీటర్లకు తగ్గి, ఎత్తు మాత్రం 950కి పెరిగింది. డిఫ్యూజర్ మొదలయ్యే చోటుని వెనక ఇరుసు గీతకి జరిపారు. ఎత్తు 175, పొడవు 350 మిల్లీమీటర్లకు మించకూడదు. గాడుల టైర్లు పోయి గాడుల్లేని నున్నటి టైర్లు, అంటే స్లిక్కులు, తిరిగొచ్చాయి. ఇంజిన్ 18,000 ఆర్‌పీఎం దాటకూడదు, సీజన్ మొత్తానికి ఒక్కో డ్రైవర్‌కి 8 ఇంజిన్లు. సీజన్ మొదలయ్యాక టెస్టింగ్ నిషేధం.

ఈ చివరి రూలు చదివి దాటేయకండి. తర్వాత జరిగిన కథకి సగం కారణం అదే.

స్లిక్కులతో ఒక చిక్కు వచ్చింది. గాడులు పోవడంతో ముందు టైరుకి దక్కిన పట్టు, నిష్పత్తి లెక్కన, వెనక టైరుకి దక్కినదానికన్నా ఎక్కువ. ముందు బలంగా, వెనక బలహీనంగా తేలింది. దాన్ని సరిచేయడానికి అందరూ బరువుని ముందుకి జరపాలని చూశారు. డ్రైవర్‌తో కలిపి కారు కనీస బరువు 605 కిలోలు. కారు అంతకన్నా తేలిగ్గా కట్టి, మిగిలిన బరువుని దిమ్మెల రూపంలో కావలసిన చోట పెట్టుకోవాలి. కెర్స్ (బ్రేకు వేసినప్పుడు శక్తిని దాచి మళ్లీ వాడే యంత్రం) పెట్టుకుంటే ల్యాపుకి 400 కిలోజౌళ్లు, 60 కిలోవాట్ల చొప్పున ఆరున్నర సెకన్లకి పైగా దొరుకుతుంది. కానీ దాని బరువు దిమ్మెల వాటాని తినేస్తుంది. బ్రాన్ కెర్స్ వాడలేదు. ఇది పిసినారితనం అనిపించవచ్చు గానీ, ఆ ఏడాది టైర్లు చూస్తే మంచి లెక్కే.

ఇంజిన్ మార్పిడి

హోండా టీము 2008లో 14 పాయింట్లతో తొమ్మిదో స్థానంలో ఉంది. ఆ కారు బాగుపడదని తేలాక, ఏడాది మొదట్లోనే చేతులు దులుపుకుని మనుషుల్నీ విండ్ టన్నెల్ (కారు మీద గాలి పారే తీరుని పరీక్షించే సొరంగం) గంటల్నీ 2009 కారు మీదకి మళ్లించారు. మిగతా పెద్ద టీములు అప్పటికి 2008 టైటిల్ కోసం కొట్టుకుంటున్నాయి. మెక్‌లారెన్, ఫెరారీ చివరి రేసు చివరి మలుపు దాకా తలపడ్డాయి. వాళ్ల పాత కారు తిన్న గంటలు హోండాకి కొత్త కారు మీద మిగిలాయి.

2008 డిసెంబరు 5న హోండా తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2009 మార్చి 6న టీము దాని అధిపతి రాస్ బ్రాన్ చేతికి వచ్చిన వార్త బయటికొచ్చింది, అదే రోజు సిల్వర్‌స్టోన్‌లో కారు మొదటిసారి కదిలింది. మార్చి 29న మెల్‌బోర్న్‌లో రేసు. మధ్యలో ఉన్నవి 23 రోజులు.

ఎక్కించిన ఇంజిన్ మెర్సిడెస్ ఎఫ్‌ఓ108డబ్ల్యూ: 2.4 లీటర్లు, 90 డిగ్రీల వీ8. అప్పటి రూల్స్ ప్రకారం సిలిండర్ సెంటర్ల మధ్య దూరం 106.5 మిల్లీమీటర్లు, కనీస బరువు 95 కిలోలు, క్రాంకు సెంటరు రిఫరెన్స్ ప్లేన్‌కి (కారు అడుగు మట్టానికి) 58 మిల్లీమీటర్ల కన్నా కిందకి రాకూడదు. ఇన్ని కొలతలు కట్టేశాక అన్ని ఇంజిన్లూ ఒకేలా ఉండాలి కదా, మార్చడం ఎంత పని అనిపిస్తుంది. అక్కడే దెబ్బతింటారు. రూలు చెప్పేది కనీసం 58 అని. అంతకన్నా ఎంత పైన పెట్టుకున్నారన్నది కంపెనీ ఇష్టం. పంపులు ఏ పక్కన ఉన్నాయి, ఆయిల్ ట్యాంకుకి ఎంత గది కావాలి, ఎగ్జాస్టు ఎక్కడ బయటికొస్తుంది, వైరింగ్ ఎటు పోతుంది – ఇవేవీ రూల్లో ఉండవు.

పైగా ఎఫ్1 కారులో ఇంజిన్‌ని మోసే చాసిస్ ఉండదు. మన లారీకి రెండు పొడవాటి లాంగ్ మెంబర్లుంటాయి, ఇంజిన్ వాటి మీద రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఎఫ్1లో డ్రైవర్ కూర్చునే కార్బన్ తొట్టె (మోనోకాక్) వెనక గోడకి ఇంజిన్‌ని స్టడ్లతో నేరుగా బిగిస్తారు. ఇంజిన్ వెనక గేర్‌బాక్స్, గేర్‌బాక్స్‌కి వెనక సస్పెన్షన్. అంటే వెనక చక్రాల బరువంతా ఇంజిన్ దిమ్మె గుండానే ముందుకొస్తుంది. స్టడ్ల చోటు మారిందంటే కార్బన్ గోడ మారాలి. బ్రాన్ టీము తొట్టె వెనక భాగాన్ని కోసి సరిచేసుకోవాల్సి వచ్చింది. క్రాంకు ఎత్తు కుదరక గేర్‌బాక్స్‌ని అనుకున్నదానికన్నా పైన బిగించారు. గేర్‌బాక్స్ లేస్తే బరువు కేంద్రం లేస్తుంది, సస్పెన్షన్ చేతులు బిగించే చోట్లూ లేస్తాయి. కాగితం మీద ఇది నష్టమే. ఆ నష్టంతోనే టైటిల్ కొట్టింది.

సీజన్ మొత్తానికి తయారైన తొట్టెలు మూడే. రెండు కార్లు పరిగెత్తడానికి, ఒకటి చేతిలో. వందల మంది ఉద్యోగాలు పోయాయి. మెల్‌బోర్న్‌కి స్పేర్లు లెక్కపెట్టుకుని వెళ్లారు.

కింద నుంచి కనపడని తలుపు

డబుల్ డిఫ్యూజర్ అర్థం కావాలంటే ఒక అట్టముక్క చాలు. ఎఫ్1 కారు అడుగు ఒకే మట్టంలో ఉండదు. మధ్యలో ఉన్న పలక కింద ఉంటుంది, అది రిఫరెన్స్ ప్లేన్. రెండు పక్కల పలకలు 50 మిల్లీమీటర్లు పైన ఉంటాయి, అది స్టెప్ ప్లేన్. అరుగూ మెట్టూ లాంటి అమరిక. కింద నుంచి చూస్తే కనపడే ఉపరితలాలు గట్టిగా, గాలి చొరబడకుండా, తెగకుండా ఉండాలన్నది రూలు.

ఇప్పుడు అట్టముక్కని మెట్టులా మడవండి. మెట్టు నిలువు గోడని బ్లేడుతో కోసి తీసేయండి. దాన్ని తలమీద పెట్టుకుని సరిగ్గా కింద నుంచి పైకి చూడండి. కింది పలక అంచు, పై పలక అంచు ఒకే గీతలో కలిసిపోతాయి. కన్నం కనపడదు. గాలి మాత్రం కింద నుంచి పైకి కాదు, ముందు నుంచి వెనక్కి పోతుంది. ఆ నిలువు సందులోంచి చక్కగా దూరుతుంది. దూరిన గాలికి పైన ఇంకో అర కట్టి వెనక్కి వదిలితే, 175 మిల్లీమీటర్ల పరిమితి కింది అరకే వర్తిస్తుంది. అడుగున గాలి విచ్చుకోవడానికి చోటు పెరుగుతుంది. అడుగున పీడనం ఇంకా పడిపోతుంది, కారు నేలకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

ఈ సందుని కనిపెట్టింది బ్రాన్ ఒక్కటే కాదు. టొయోటా, విలియమ్స్ కార్లూ మెల్‌బోర్న్‌కి ఇదే పద్ధతిలో వచ్చాయి. మిగతా టీముల్లో కొన్ని ఫిర్యాదు చేశాయి, అక్కడి స్టీవార్డులు (రేసు తీర్పరులు) ఆ ఫిర్యాదుని ఒప్పుకోలేదు. కేసు మోటార్ రేసింగ్ పాలక సంస్థ ఎఫ్‌ఐఏ అప్పీల్ కోర్టుకి వెళ్లింది. ఏప్రిల్ 15న అది రూల్స్‌కి లోబడే ఉందని తీర్పు వచ్చింది. అప్పటికి రెండు రేసులు అయిపోయాయి.

తీర్పు వచ్చాక అందరూ కాపీ కొట్టేయవచ్చు కదా? రెడ్‌బుల్ ఆర్‌బీ5ని చూడండి. వాళ్లు వెనక సస్పెన్షన్‌ని పుల్‌రాడ్ పద్ధతిలో కట్టారు. డ్యాంపర్లూ రాకర్లూ గేర్‌బాక్స్ కింది భాగంలో ఉంటాయి. మామూలు డిఫ్యూజర్‌కి అది అద్భుతమైన అమరిక, పైన గాలికి అడ్డం ఉండదు. కానీ పై అర కట్టాల్సిన చోటు కూడా అక్కడే. తలుపు పెట్టాలన్న చోట బీరువా ఉన్నట్టయింది. వాళ్ల డబుల్ డిఫ్యూజర్ మొనాకోకి గానీ రాలేదు. బ్రాన్ కారులో పై అరని మొదటి రోజు నుంచే గేర్‌బాక్సూ సస్పెన్షనూ చుట్టూ ఆలోచించి గీశారు. ముందు వింగ్ చివరి పలకలు గాలిని ముందు టైర్ల బయటి వైపుకి తోసి, అడుగుకి చేరే గాలిని శుభ్రంగా ఉంచుతాయి. అది లేకుండా వెనక తలుపు ఎంత పెద్దదైనా లాభం సగమే.

ఒకే ఇంజిన్ మూడు కార్లలో, ఒకే సందు మూడు కార్లలో

కారణం ఏది అన్న ప్రశ్నకి ఆ సీజనే ఒక పోలిక ఇచ్చింది. మెర్సిడెస్ ఇంజిన్ బ్రాన్‌తో పాటు మెక్‌లారెన్‌కీ ఫోర్స్ ఇండియాకీ ఉంది. మెక్‌లారెన్ డ్రైవర్ హామిల్టన్ అప్పటికి ప్రపంచ చాంపియన్. అయినా మెక్‌లారెన్ సీజన్ మొదట్లో వెనకబడింది, చివరికి 71 పాయింట్లు. విజయ్ మాల్యా టీము ఫోర్స్ ఇండియా బెల్జియంలో డ్రైవర్ ఫిసికెల్లాతో పోల్ (అందరికన్నా ముందు బయల్దేరే చోటు) కొట్టి రెండో స్థానంలో నిలిచింది, కానీ ఏడాది మొత్తానికి 13 పాయింట్లే. కాబట్టి ఇంజిన్ ఒక్కటే కాదు.

డబుల్ డిఫ్యూజర్ మొదటి రేసు నుంచీ ఉన్న టొయోటా బహ్రెయిన్‌లో ముందు వరస రెండు చోట్లూ కొట్టేసింది. ఒక్క రేసూ గెలవలేదు: 59.5 పాయింట్లు. విలియమ్స్‌కి 34.5. కాబట్టి డిఫ్యూజరూ ఒక్కటే కాదు. రెండూ ఉండి, వాటి చుట్టూ పొందిగ్గా కట్టిన కారు ఒక్కటే ఉంది. దానికి 172 వచ్చాయి, రెండో స్థానంలోని రెడ్‌బుల్‌కి 153.5.

స్టూడెంట్ టీములతో మాట్లాడేటప్పుడు ఈ లెక్కే ముందు పెట్టాలి. ‘ఫలానా కాలేజీ కారుకి అండర్‌ట్రే (గాలి కోసం మలిచిన అడుగు పలక) ఉంది, మనమూ పెడదాం’ అనే మాట ప్రతి ఏడాదీ వస్తుంది.

మొదటి ఏడు రేసులు

బ్రాన్ డ్రైవర్లు ఇద్దరు, బటన్, బారికెల్లో. మెల్‌బోర్న్‌లో బటన్ పోల్, పక్కన బారికెల్లో. రేసులోనూ ఒకటి, రెండు. తన మొట్టమొదటి రేసులోనే ఒక టీము ఒకటీ రెండూ రావడం 1954 ఫ్రెంచ్ గ్రాండ్‌ప్రీలో మెర్సిడెస్ తర్వాత ఇదే. మలేషియాలో వాన పడి రేసు ఆగిపోయింది, సగం పాయింట్లే ఇచ్చారు, గెలిచింది బటనే. చైనాలో వానలో రెడ్‌బుల్ డ్రైవర్ వెటెల్ గెలిచాడు, బటన్ మూడు. తర్వాత బహ్రెయిన్, స్పెయిన్, మొనాకో, టర్కీ వరసగా బటన్‌వి. జూన్ 7 నాటికి అతని ఖాతాలో 61 పాయింట్లు.

ఇదే కారులో బారికెల్లో ఇబ్బంది వేరు. మెల్‌బోర్న్‌లోనూ టర్కీలోనూ, తర్వాత బెల్జియంలోనూ స్టార్టులో అతని కారు యాంటీ స్టాల్‌లోకి పోయింది. క్లచ్ పట్టుకునే చోటు అంచనా తప్పి ఇంజిన్ వేగం ఒక్కసారిగా పడిపోతే, ఆగిపోకుండా కంప్యూటరే క్లచ్‌ని తెరిచేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, కారు మాత్రం ఒకటి రెండు సెకన్లు నిలబడిపోతుంది. రెండో చోట నుంచి బయల్దేరినవాడు మొదటి మలుపుకి గుంపు మధ్యలో ఉంటాడు. టర్కీలో ఆపైన గేర్‌బాక్స్ కూడా దెబ్బతిని రిటైరయ్యాడు. కారు ఎంత వేగమైనదైనా మొదటి 50 మీటర్లు క్లచ్‌వే.

చలి

జూన్ 21, సిల్వర్‌స్టోన్. చల్లటి వాతావరణం. బారికెల్లో 3, బటన్ 6. జూలై 12, జర్మనీ నూర్బర్గ్‌రింగ్, అక్కడా చల్లదనమే. బటన్ 5, బారికెల్లో 6. రెండుచోట్లా రెడ్‌బుల్ ఒకటి, రెండు.

టైరు మూడు దారుల్లో వేడెక్కుతుంది. దొర్లేటప్పుడు గోడలు వంగి లేచి వంగి లేచి లోపల్నుంచి పుట్టే వేడి ఒకటి. తారు మీద జారితే పైపొరకి వచ్చే వేడి రెండోది. బ్రేకు డిస్కు నుంచి రిమ్ము ద్వారా ఎక్కేది మూడోది. దుప్పటి కప్పి వేడిచేసి పంపినా, ట్రాక్ మీదకి వెళ్లాక ఈ మూడూ కలిసి ఆ వేడిని నిలపాలి. బీజీపీ 001 టైరుని తక్కువ నలుపుతుంది, తక్కువ జారనిస్తుంది. బహ్రెయిన్, టర్కీ ఎండల్లో ఇది వరం. ఇతరుల టైర్లు ఉడికిపోతుంటే ఇది అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అదే కారు చల్లటి తారు మీద టైరుని దాని పని వేడికి తీసుకెళ్లలేదు.

వేడెక్కని టైరుకి ఏమవుతుందో దగ్గర్నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. గట్టిగా ఉన్న రబ్బరు తారు గరుకులోకి ఒదగదు. మలుపులో పైపొర కాస్త కాస్త చిరుగుతుంది. చిరిగిన ముక్కలు ఊడిపోకుండా అక్కడే చుట్టుకుంటాయి, ఎరేజరుతో రుద్దినప్పుడు కాగితం మీద లేచే పొట్టులాగా. దీన్నే గ్రైనింగ్ అంటారు. ఇప్పుడు టైరు తారుని కాదు, ఆ పొట్టుని తొక్కుతూ పోతుంది. పట్టు ఇంకా పడిపోతుంది, డ్రైవర్ నెమ్మదిస్తాడు, నెమ్మదిస్తే వేడి ఇంకా తగ్గుతుంది. ఈ ఉచ్చులోంచి రేసు మధ్యలో బయటపడటం కష్టం.

బటన్ చేతులు మరీ మెత్తన. స్టీరింగుని కుదుపు లేకుండా తిప్పుతాడు. మే నెలలో అది అతని బలం. జూన్‌లో మెత్తటి కారుకి మెత్తటి డ్రైవర్ తోడయ్యాడు. బారికెల్లో అదే కారులో టైరులోకి కాస్త ఎక్కువ వేడి ఎక్కించగలిగాడు. సిల్వర్‌స్టోన్ క్వాలిఫయింగ్‌లో (బయల్దేరే చోట్లు తేల్చే పోటీలో) అతను రెండు, బటన్ ఆరు.

మందులు లేవా అంటే ఉన్నాయి. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొంచెం పెంచితే టైరు జారుతూ వేడెక్కుతుంది, కానీ సూటి రోడ్డు మీద వేగం పోతుంది. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) పెంచితే లోపలి అంచు వేడెక్కుతుంది, బయటి అంచు చల్లగానే ఉండిపోతుంది. స్ప్రింగులు గట్టిచేస్తే నలుపు పెరుగుతుంది, గతుకుల మీద పట్టు తగ్గుతుంది. బ్రేకు గాలి దారులు మూస్తే రిమ్ము వేడెక్కుతుంది, డిస్కు మాత్రం కాగిపోతుంది. ప్రతి మందుకీ పక్కన ఒక జబ్బు. వీటిని తూచి చూడాలంటే ట్రాక్ మీద రోజులు కావాలి. టెస్టింగ్ నిషేధం. శుక్రవారం ప్రాక్టీసులో గంటన్నర చొప్పున రెండు సార్లు, శనివారం ఒక గంట, అంతే. డబ్బున్న ప్రత్యర్థులు ప్రతి రేసుకీ కొత్త భాగాలతో వస్తున్నారు, బ్రాన్ దగ్గర ఆ డబ్బూ లేదు.

అయితే అన్నిటికీ చలినే నిందించేస్తే కేసు తప్పుదారి పడుతుంది. జూలై 26న హంగరీలో ఎండ ఉంది. బటన్ 7, బారికెల్లో 10. ఆ రోజు గెలిచింది అదే మెర్సిడెస్ ఇంజిన్ ఉన్న మెక్‌లారెన్. అప్పటికి ప్రత్యర్థులు డబుల్ డిఫ్యూజర్ పెట్టేశారు, మెక్‌లారెన్ కెర్స్ కారుతో గెలిచే స్థాయికి వచ్చింది. చలి బ్రాన్ కారు బలహీనతని బయటపెట్టింది. అంతరం మాత్రం ఎండలోనూ కరిగిపోయింది.

హంగరీలోనే క్వాలిఫయింగ్‌లో బారికెల్లో కారు వెనక సస్పెన్షన్ నుంచి ఒక స్ప్రింగు ఊడి తారు మీద పడింది. వెనక వస్తున్న ఫెరారీలో ఫెలిపె మాసా హెల్మెట్‌కి తగిలింది. అతనికి తలకి తీవ్ర గాయమైంది, ఆ సీజన్‌లో మళ్లీ నడపలేదు. రెండు వెనక చక్రాల మీదా కారు ఒకేసారి కిందకి దిగడాన్ని ఆపే మధ్య స్ప్రింగు అది. చేతిలో పట్టేంత వస్తువు. 200 కిలోమీటర్ల పైన వేగంతో వచ్చే కారుకి అదే తుపాకీ గుండు. స్ప్రింగు దాని సీటులోంచి జారినా కారు వదిలి పోకుండా రెండో కట్టు ఉండాలన్న పాఠం చదవడానికి చిన్నదే, స్టూడెంట్ కార్లలో ఇప్పటికీ తరచూ మర్చిపోయేది.

మళ్లీ రెండు గెలుపులు, టైటిల్

ఆగస్టు 23న వాలెన్సియా. మంచి ఎండ. బారికెల్లో గెలిచాడు. బెల్జియంలో బటన్ మొదటి ల్యాపులోనే గుద్దుకుని బయటికొచ్చాడు. సెప్టెంబరు 13న మోంజాలో రెండు కార్లూ ఐదు, ఆరు చోట్ల నుంచి బయల్దేరి ఒకటి, రెండు వచ్చాయి. అక్కడి వ్యూహం గమనించాలి. అప్పట్లో రేసు మధ్యలో ఇంధనం నింపేవారు. ముందున్నవాళ్లలో చాలామంది రెండుసార్లు ఆగేలా తేలిక ట్యాంకుతో బయల్దేరారు. బ్రాన్ కార్లు నిండు ట్యాంకుతో ఒక్కసారే ఆగాయి. బరువైన కారు టైర్లని ఎక్కువ తింటుంది కాబట్టి ఇది మామూలుగా జూదం. టైర్లని తక్కువ తినే కారుకి జూదం కాదు. ఈ కారు గుణానికి తగిన రేసు ఏదైనా ఉందంటే, మా లెక్కలో మొనాకో కాదు, మోంజా.

బటన్ సింగపూర్‌లో 5, జపాన్‌లో 8. అక్టోబరు 18న బ్రెజిల్‌లో వాన క్వాలిఫయింగ్‌లో బటన్ 14వ చోటుకి పడిపోయాడు, బారికెల్లో పోల్. రేసులో బటన్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ 5వ స్థానానికి వచ్చాడు. రెండు టైటిళ్లూ అక్కడే ఖాయమయ్యాయి. చివరి లెక్క బటన్ 95, వెటెల్ 84, బారికెల్లో 77. ఆ 95లో 61 జూన్ మొదటి వారానికే వచ్చినవి. నవంబరులో మెర్సిడెస్ యజమాని డైమ్లర్, అబుధాబికి చెందిన ఆబార్ కలిసి టీములో 75.1 శాతం కొనేశాయి. బ్రాన్ పేరుతో ఇంకో కారు రాలేదు.

ఇక్కడ కట్టే కారుకి

స్టూడెంట్ ఫార్ములాలో పెట్రోలు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ (గాలిని అదుపుచేసే ఇరుకు దారి) గుండా పోవాలి. ఇక్కడ చాలామంది 373 సీసీ కేటీఎం 390 ఇంజిన్ వాడతారు. ఇంజిన్ చేతికి రాకముందే ఫ్రేమ్ వెల్డింగ్ మొదలెట్టి, వచ్చాక మౌంటింగులు సర్దుకోవడం అలవాటు. బ్రాన్‌కి గత్యంతరం లేక చేసిన పని ఇది, మీకు గత్యంతరం ఉంది. ఇంజిన్ మౌంటింగ్ రంధ్రాల కొలతలు తీసుకుని 8 లేదా 10 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ప్లేటుతో డమ్మీ చేయించండి. అందులో అవుట్‌పుట్ స్ప్రాకెట్ చోటు కూడా రావాలి. మన కార్లలో ప్రొపెల్లర్ షాఫ్టు ఉండదు, చైనే అంతా. వెనక స్ప్రాకెట్, ముందు స్ప్రాకెట్ ఒకే గీతలో ఉన్నాయో లేదో సూటి పట్టీ వేసి చూడాలి. ఒక మిల్లీమీటరు తేడా కూడా చైనుని పక్కకి తింటుంది.

మౌంటింగు ప్లేట్లు నాలుగూ ముందు ట్యాకు వేయండి. డమ్మీ బోల్టులు బిగించి ఉండగానే పూర్తి వెల్డింగ్ ఎదురెదురు మూలల నుంచి చేయించండి, పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పండి. వేడిమీద విప్పితే ప్లేటు లాగేస్తుంది, తర్వాత అసలు ఇంజిన్ రంధ్రం కలవదు. అప్పుడు రౌండు ఫైలుతో రంధ్రాన్ని సాగదీస్తారు, అది రేసు రోజు వదులవుతుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టరూ తీసేయాలి.

సస్పెన్షన్ బోల్టులన్నిటికీ బిగించిన వెంటనే బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదకి పసుపు పెయింటు గీత వేయండి. గీత విరిగితే బోల్టు తిరిగిందని అర్థం. స్ప్రింగు పై కప్పు, కింది కప్పు రెండింటికీ డ్యాంపర్ పూర్తిగా సాగినప్పుడు కూడా స్ప్రింగు కప్పులోంచి బయటికి రాని పొడవు ఉండాలి. జాకీ మీద లేపి చక్రాలు వేలాడేసి, స్ప్రింగుని చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. కదిలితే చాలు, పనికిరాదు.

ఇక టైర్లు. ఇక్కడ టీములు కారుని ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో తిప్పి సెట్ చేస్తాయి. మధ్యాహ్నం విజయవాడ తారు మీద ఏ టైరైనా వేడెక్కుతుంది, ఏ సెటప్ అయినా బాగున్నట్టే ఉంటుంది. ఆ సెటప్‌నే పట్టుకుని జనవరిలో స్టూడెంట్ కార్ల పోటీ ఫార్ములా భారత్‌కి కోయంబత్తూరు కారీ స్పీడ్‌వేకి వెళ్తే, ఉదయం మొదటి పరుగులో ముందు టైరు మాట వినదు. బటన్‌కి సిల్వర్‌స్టోన్‌లో జరిగింది అదే.

అందుకని సూది పైరోమీటరు (రబ్బరు లోపలి వేడి కొలిచే పరికరం) ఒకటి కొనండి. లేజరు తుపాకీ పైపొరని మాత్రమే చూస్తుంది, కారు ఆగి నిమిషం గడిస్తే దాని అంకెకి విలువ లేదు. కారు లోపలికి రాగానే, నిమిషం లోపు, ప్రతి టైరుకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్ల సూదిని రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు దింపి అంకె రాయాలి. మధ్య అంకె రెండు అంచుల కన్నా ఎక్కువుంటే గాలి ఎక్కువైంది, తక్కువుంటే గాలి చాలలేదు. లోపలి అంచు బయటి కన్నా ఐదు నుంచి పది డిగ్రీలు ఎక్కువుంటే క్యాంబర్ బాగుంది. మూడూ సమానంగా తక్కువుంటే తప్పు గాలిదీ క్యాంబర్‌దీ కాదు, కారే టైరుని నలపడం లేదు. అక్కడ టో, యాంటీరోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ), డ్రైవర్ మొదటి ల్యాపు నడిపే తీరు, ఈ వరసలో వెళ్లండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి.

ప్రతి పరుగుకీ ఒక కాగితం. పైన గాలి వేడి, తారు వేడి, చల్లగా ఉన్నప్పటి టైరు గాలి, వేడెక్కాక టైరు గాలి. కింద పన్నెండు అంకెలు. మే మధ్యాహ్నం కాగితాలు ఎన్ని ఉన్నాయో, డిసెంబరు ఉదయం ఆరున్నర కాగితాలు కూడా అన్ని ఉండాలి. మంచు విడవకముందే కారుని కాలేజీ గ్రౌండ్‌కి తోసుకుపోవాలంటే ఎవరికీ నిద్ర లేవబుద్ధి కాదు, అది వేరే సంగతి.